మూలం దాకా వెళ్ళడం నేర్పించే పద్ధతి

కళాశాల విద్యార్థులకు సమాచార అక్షరాస్యత (కావలసిన సమాచారాన్ని వెతికి, తూచి, సరిగ్గా వాడుకునే నేర్పు) నేర్పేటప్పుడు అధ్యాపకులు, లైబ్రేరియన్లు చాలావరకు పరిశోధన వ్యాసాలను వెతికే డేటాబేస్‌ల పరిచయంతోనే మొదలుపెడతారు. విద్యార్థి చేతిలో ప్రశ్న లేకుండా ఎన్ని డేటాబేస్‌లు చూపించినా అవి మనసుకెక్కవు. అందుకని అసైన్‌మెంట్ ఇచ్చిన వారంలోనే ఈ పాఠం పెట్టుకోవడం మేలు.

"సెల్‌ఫోన్లు, విద్యార్థులు" అని ఒకరు రాసుకొచ్చారనుకుందాం. అది అంశమే గాని ప్రశ్న కాదు. ఏ విద్యార్థులు, ఏ వేళ, దేని మీద ప్రభావం అని అడుగుతూ పోతే "పడుకునే ముందు ఫోన్ చూడటం వల్ల కళాశాల విద్యార్థుల నిద్రలో ఏ మార్పు వస్తుంది?" అనే దాకా వస్తారు. అప్పుడు అందులోని ముఖ్యమైన మాటలకు పర్యాయపదాలు రాయించి, ఒకే అర్థమిచ్చే వాటిని 'ఆర్' (OR)తోనూ, వేర్వేరు భావాలను 'అండ్' (AND)తోనూ కలిపి వెతికించాలి. మొదటిదానితో ఫలితాలు పెరగడం, రెండోదానితో తగ్గడం వాళ్ళు తెర మీద స్వయంగా చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం దొరికినదాన్ని తూచి చూడటానికే కేటాయించాలి. వెబ్‌సైట్ రూపాన్ని, అది తన గురించి చెప్పుకున్న మాటలను చూసి నమ్మడం తేలిక. అనుభవజ్ఞులైన ఫ్యాక్ట్‌చెకర్లు (సమాచారంలో నిజానిజాలు తేల్చేవారు) మాత్రం వెంటనే కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సైట్ గురించి ఇతరులు ఏమంటున్నారో ముందు చూస్తారని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో వెల్లడించారు. ఈ అలవాటును తరగతిలో చేసి చూపించాలి.

నేనైతే ఈ అభ్యాసాన్ని తప్పక చేయిస్తాను. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని సూచిస్తూ, 12 మంది పిల్లల ఆధారంగా 1998లో 'లాన్సెట్'లో వచ్చిన వ్యాసాన్ని ముందుపెట్టి, దీన్ని ఉదహరించవచ్చా అని అడగండి. పేరున్న వైద్య పత్రిక కాబట్టి పైపైన చూస్తే అభ్యంతరమేమీ కనిపించదు. ఆ పత్రికే 2010లో వ్యాసాన్ని ఉపసంహరించుకున్నదని వాళ్ళంతట వాళ్ళే కనుక్కోనివ్వండి. టీకాల ప్రభావానికి అది సాక్ష్యంగా పనికిరాదు, కానీ తప్పుడు సమాచారం ఎలా వ్యాపిస్తుందో పరిశీలించేవారికి అదే ముఖ్యమైన ఆధారం అవుతుంది. మూలం విలువ మనం అడిగే ప్రశ్నను బట్టి కూడా ఉంటుందని ఇక్కడే అర్థమవుతుంది.

కృత్రిమ మేధ చాట్‌బాట్‌లు లేని వ్యాసాలను ఉన్నట్టు చూపగలవు కాబట్టి, అవి ఇచ్చిన ప్రతి వ్యాసాన్నీ శీర్షికతోనూ డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత డిజిటల్ గుర్తింపు సంఖ్య)తోనూ వెతికి, తెరిచి చదివాకే వాడుకోవాలని నియమం పెట్టండి.

మార్కులు తుది వ్యాసానికే ఇవ్వకుండా, ఏ మాటలతో వెతికారో, ఏ మూలాన్ని ఎందుకు పక్కన పెట్టారో రాసిన చిన్న అన్వేషణ డైరీకి కూడా కేటాయించండి.