పట్నాన్ని ఫోన్లో పట్టడం – మూడో పాఠం: ఎండ ఎటుంటే మనం ఎటు

పోయిన పాఠంలో నల్లగొండ గడియారం సెంటర్లోనో, పాలమూరు క్లాక్‌టవర్ దగ్గరో నిలబడి పది క్లిప్పులు తీయమన్నాం. ఒక్కోటి 12 సెకన్లు, ఫోన్ కదలకుండా. వాటిని పెద్ద తెర మీద చూసుకుంటే ఒకటి తెలిసి ఉంటుంది. టవర్ అన్నింట్లో ఒకేలా ఉంది. దాని ముందు నుంచి అరటిపండ్ల బండి దాటిన క్లిప్పును మాత్రం మళ్లీ చూడబుద్ధవుతుంది. ఈసారి అదే పని పట్నంలో, అంటే హైదరాబాద్‌లో.

మొదటి చిక్కు బస్సుతోనే వస్తుంది. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. తెల్లారకముందే బయలుదేరినా ఎల్బీనగర్లోనో ఆరాంఘర్లోనో దిగేసరికి మెత్తటి ఎండ అయిపోయి ఉంటుంది. పొద్దుటి వెలుగే కావాలంటే ముందురోజు రాత్రి చేరాలి. పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. 11 నుంచి 3 దాకా నీడ పడే బజార్లు, 4 తర్వాత చార్మినార్, పొద్దుగూకేటప్పుడు ట్యాంక్‌బండ్. ఈ వరస తలకిందులైతే మిట్టమధ్యాహ్నం ట్యాంక్‌బండ్ మీద తెల్లటి ఆకాశం, బూడిదరంగు నీళ్లు మిగులుతాయి.

బయలుదేరేముందు ఇంట్లోనే చేసుకోవాల్సిన సెట్టింగు ఒకటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే ట్యూబ్‌లైటు, బల్బు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. చాలా ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములు, 1/60 షట్టర్‌తో (ఒక్కో ఫ్రేముకు సెకనులో 60వ వంతు సేపు వెలుగు పడేలా) తీస్తాయి. ఆ లెక్క 100తో కలవదు కాబట్టి దుకాణం లోపల తీసిన వీడియోలో నల్లటి పట్టీలు పైకీ కిందికీ పారుతుంటాయి. ప్రో వీడియో మోడ్‌లో షట్టర్‌ను 1/50కి గానీ, 1/100కి గానీ కట్టేయండి, పట్టీలు పోతాయి. ఫ్రేములు 25 పెట్టుకోవడం మేలు. ఐఫోన్‌లో అది మామూలుగా కనిపించదు. సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలో ‘షో పాల్ ఫార్మాట్స్’ ఆన్ చేస్తే 25 వస్తుంది. మీ ఫోన్లో 24, 30 మాత్రమే ఉంటే ఏదైనా సరే, షట్టర్ మాత్రం 1/50. ఇంత చేసినా కొన్ని చవక ఎల్‌ఈడీ స్ట్రిప్‌లైట్లు మిణుకుమంటూనే ఉంటాయి. అది వాటి డ్రైవర్ (దీపానికి కరెంటు అందించే సర్క్యూట్) లోపం. అలాంటి దుకాణాన్ని వదిలి పక్కదానికి పోవడమే.

ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా మాడిపోతుంది. ఫోన్ లెన్సు రంధ్రం ఎఫ్1.8 దగ్గర ఉండిపోయింది, తగ్గించలేం. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 50లో నిండు ఎండకు అది అడిగే షట్టర్ సుమారు 1/4000. అక్కడి నుంచి 1/50కి రావాలంటే వెలుగును సుమారు 80వ వంతుకు తగ్గించాలి. కాబట్టి క్లిప్‌తో బిగించే ఎన్‌డీ64 ఫిల్టర్ (వెలుగును 64వ వంతుకు తగ్గించే నల్లటి అద్దం) చాలు. ఫిల్టర్ లేకపోతే ఎండలో షట్టర్‌ను ఆటోకి వదిలేయండి. నడిచే మనుషులు కాస్త టకటకమని కదిలినట్టు కనిపిస్తారు, అంతే. అందుకోసం ప్రయాణం మానుకోనక్కర్లేదు.

చార్మినార్

1591లో కట్టిన ఈ కట్టడం నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులకు ఉన్నాయి. చరిత్ర చదివేవాళ్ల సంగతేమో గానీ, వీడియో తీసేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే విషయం లేదు. ఏ ముఖం మీద ఎప్పుడు ఎండ పడుతుందో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. తూర్పు ముఖానికి పొద్దున, లాడ్‌బజార్ వైపు పడమటి ముఖానికి సాయంత్రం.

మోసమంతా ఉత్తరం ముఖంతోనే. ఎంజీబీఎస్ బస్‌స్టేషన్లో దిగి నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడిచొస్తే చార్‌కమాన్ (నాలుగు తోరణాలు) దాటగానే ఎదురయ్యేది ఆ ముఖమే. అందరూ అక్కడే ఆగి ఫోన్ ఎత్తుతారు. నవంబరు నుంచి జనవరి దాకా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, డిసెంబరు మధ్యాహ్నం కూడా 50 డిగ్రీలు మించి ఎక్కడు. చార్మినార్ వెనకే వెలుగు, మనవైపు నీడ. మీనార్లు నల్లగా, ఆకాశం సున్నం కొట్టినట్టు వస్తాయి. ఫోన్ చెడ్డదనుకుంటారు పాపం. ఫోన్ తప్పేమీ లేదు. మే రెండో వారం నుంచి జులై నెలాఖరు దాకా మాత్రం మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి వస్తాడు, అప్పుడే ఆ ముఖం తేటపడేది. ఆ ఎండలో అక్కడ నిలబడగలిగితే!

చలికాలంలో చేయాల్సింది ఇది. కట్టడాన్ని చుట్టి దక్షిణం వైపు పోండి. మక్కా మసీదు చార్మినార్‌కు నైరుతిలో ఉంటుంది. దాని ముందు రోడ్డు మీద నాలుగు, నాలుగున్నరకు నిలబడితే దక్షిణం, పడమర ముఖాలు రెండూ వెలుగులో ఉంటాయి. ఆకాశం మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, తర్వాత అర స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 5500 దగ్గర కట్టేయండి. ఆటోలో ఉంచితే పసుపు ఆటో ఒకటి అడ్డం వచ్చినప్పుడల్లా గోడ రంగు మారిపోతుంది. ఇప్పుడు పావురాలు లేచేదాకా, బండ్లవాళ్లు దాటేదాకా ఆగాలి. రికార్డు నొక్కి పావురాల కోసం చూడాలి గానీ, పావురాలు లేచాక రికార్డు నొక్కితే తోకలే దొరుకుతాయి.

ఉత్తరం వైపే తీయాలని పట్టుదల ఉంటే నీడనే వాడుకోండి. కమాన్ తోరణాన్ని ఫ్రేముగా పెట్టి, ఒక స్టాప్ తగ్గించి, చార్మినార్‌ను పూర్తిగా నల్లటి ఆకారంగా తీయండి. సగం నలుపు మాత్రం వద్దు, అది తప్పులా కనిపిస్తుంది.

స్టాండు సంగతి. కట్టడంలోకి టికెట్ కొని పోయినప్పుడు ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ విడిగా అనుమతి అడుగుతుంది. ఎత్తు స్టాండు ఇంట్లో పెట్టి, జానెడు స్టాండు ఒకటి తెచ్చుకుంటే బయట ఏ అరుగు మీదైనా నిలుస్తుంది. స్టాండు మీద పెట్టాక ఫోన్ స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసేది) ఆపేయండి. లేకుంటే కెమెరాను పక్కకు తిప్పి ఆపిన క్షణంలో బొమ్మ రబ్బరులా సాగి వెనక్కి గుంజుకుంటుంది. తిప్పడమే అయితే ఒక వస్తువు ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి 7 సెకన్లు పట్టేంత నెమ్మదిగా తిప్పాలి. అంతకంటే జోరైతే మీనార్లు అదురుతాయి.

లాడ్‌బజార్, చాయ్

లాడ్‌బజార్ తూర్పు పడమరలుగా సాగుతుంది. చలికాలం మధ్యాహ్నం దక్షిణపు వరస దుకాణాల నీడ రోడ్డు మీద పడుతుంది. ఎదుటి వరస గోడల మీది ఎండ తిరిగి కొట్టి ఆ నీడను మెత్తగా నింపుతుంది. లక్క గాజులు తీయడానికి అదే సరైన చోటు. రాళ్ల మెరుపు కోసం కెమెరాను ఆడించొద్దు. దుకాణదారు చేతిలో గాజు తిరుగుతుంది, అది చాలు. ముందు అడగాలి: “అన్నా, గాజుల వీడియో తీస్కోవచ్చునా? మొఖం రాదు, చేతులే.” చేతులే అన్నాక చేతులే తీయాలి. బేరమాడే ఆడవాళ్లను దూరం నుంచి జూమ్ చేసి పట్టడం అక్కడ తగాదాకు దారి, పద్ధతీ కాదు.

ఇరానీ హోటల్లో అందరూ చాయ్ పొగ తీయాలనుకుంటారు, ఎవరికీ రాదు. పొగ కనిపించాలంటే వెలుగు దాని వెనక నుంచి రావాలి, ఆ వెనక చీకటి ఉండాలి. వాకిలికి ఎదురుగా కూర్చోండి, కప్పు మీకూ వాకిలికీ మధ్యన ఉండాలి. ఫోన్ సాసర్ ఎత్తుకు దించి, నేపథ్యంగా వాకిలిని కాకుండా పక్కనున్న చీకటి గోడను పెట్టండి. డికాక్షన్ వేరే, పాలు వేరే మరుగుతాయి కాబట్టి గల్లా వెనక రెండూ కప్పులో కలిసే క్షణం దొరుకుతుంది. అడిగి అక్కడ ఒక్క 15 సెకన్లు తీస్తే ఉస్మానియా బిస్కెట్ల ప్లేటును పది రకాలుగా తీయాల్సిన పని లేదు.

ట్యాంక్‌బండ్

కట్ట హుస్సేన్‌సాగర్ చెరువుకు తూర్పున ఉంది, అందుకే పొద్దు నీళ్ల మీదుగా కుంకుతుంది. నడుమ నిలబడ్డ బుద్ధుడు మన భువనగిరి పక్కన రాయగిరి రాయి. 1990లో పడవ నుంచి నీళ్లలో మునిగి 1992లో పైకి తేలాడు. సూర్యుడు నేరుగా లెన్సులో పడకుండా విగ్రహం వెనక దాగేలా రెండడుగులు అటూ ఇటూ జరిగి చూసుకోండి.

పొద్దు కుంకగానే జనం ఫోన్లు జేబులో పెట్టేస్తారు. అసలు పని అప్పుడే. అస్తమయమైన 15 నుంచి 25 నిమిషాల మధ్య ఆకాశపు నీలం, వీధిదీపాల వెలుగు సమానమవుతాయి. డిసెంబరులో అది 6 గంటల ప్రాంతం, మే చివర 7 దాటాక. మన దగ్గర సంధ్య తొందరగా అయిపోతుంది, కాబట్టి ఫ్రేము ముందే కట్టుకొని ఉండాలి. ఐఎస్‌ఓ 800 దాటనివ్వొద్దు, నీళ్ల నలుపులో ఇసుక చల్లినట్టు చుక్కలొస్తాయి.

కట్ట మీద గాలి మైకును ముంచేస్తుంది. ఫోన్‌ను ఒంటి చాటున పెట్టి, ఏ మాటా లేకుండా ఒక నిమిషం శబ్దం విడిగా రికార్డు చేసుకోండి. బజార్లోనూ, హోటల్లోనూ అలాగే. వచ్చే పాఠంలో క్లిప్పులు అతికేటప్పుడు ఆ మూడు నిమిషాలే కావాలి.

ఐఫోన్ ‘హై ఎఫిషియెన్సీ’ ఫార్మాట్‌లో, 30 ఫ్రేములకు, 4కేలో నిమిషానికి సుమారు 170 ఎంబీ పోతుంది, 1080లో 60. ఒక రోజుకు 40 క్లిప్పులు, ఒక్కోటి 12 సెకన్లు, అంటే మొత్తం 8 నిమిషాలు. 4కేలో కూడా ఒకటిన్నర జీబీ కాదు. జాగా లేదన్న సాకు చెల్లదు.

వచ్చే పాఠానికి తేవాల్సినవి: చార్మినార్ రెండు ముఖాలు ఒకే రోజున, ఒకటి వెలుగులో, ఒకటి నలుపు ఆకారంగా. లాడ్‌బజార్లో చేతుల క్లిప్పులు మూడు. పొగ కనిపించే చాయ్ ఒకటి. పట్నం పోవడానికి ఈ వారం కుదరనివాళ్లు ఊళ్లోని క్లాక్‌టవర్‌కే దిక్సూచి పట్టుకొని పోయి, ఏ ముఖానికి ఏ వేళ ఎండో పొద్దున 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు ఒక్కో క్లిప్పు తీసి రాసుకొని రండి.