లాటిన్‌లో ‘పోర్టాన్స్’ను చదవడం ఎలా

లాటిన్ మొదలుపెట్టిన నెల్లూరు విద్యార్థి ‘పోర్టాన్స్’ను చూడగానే ‘మోస్తున్న’ అని అర్థం చెప్పుకోవచ్చు. చిక్కంతా రూపంలోనే ఉంది. పెన్నా ఒడ్డున నీళ్లు మోస్తున్న స్త్రీ అన్నా, స్త్రీని అన్నా, స్త్రీలు అన్నా మన ‘మోస్తున్న’ మారదు. లాటిన్‌లో మాత్రం ఆ పదం తాను విశేషించే నామవాచకపు లింగ, వచన, విభక్తులను అనుసరించి మారుతుంది. కనుక ముందుగా షష్ఠీ ఏకవచనమైన ‘పోర్టాంటిస్’ నుంచి చివరి ‘ఇస్’ తీసివేసి, ‘పోర్టాంట్’ అనే ప్రాతిపదికను రాబట్టాలి. దానికి ‘ఎమ్’ చేరిస్తే స్త్రీ, పుంలింగాలలో ద్వితీయ అవుతుంది: ‘ఫేమినమ్ అక్వమ్ పోర్టాంటెమ్ విడెయో’, అంటే నీళ్లు మోస్తున్న స్త్రీని చూస్తున్నాను. ఇక్కడ నీళ్లను తెలిపే ‘అక్వమ్’ కూడా ద్వితీయలోనే ఉంది, ఎందుకంటే ఈ పదం విశేషణంగా నిలుస్తూనే క్రియలాగా కర్మను తీసుకుంటుంది. నాకు ఎంతో ఇష్టమైన గుణం ఇదే. నపుంసకంలో ద్వితీయా ఏకవచనం ‘పోర్టాన్స్’గానే ఉండి, బహువచనంలో ‘పోర్టాంటియా’ అవుతుంది.