హెచ్‌ఎల్‌ఏ లెక్కలు, పాఠం 4: ట్రినిడాడ్ నమూనా, రెండో ఫీల్డ్

హెచ్‌ఎల్‌ఏ అంటే సొంత కణాలను, పరాయివాటిని వేరుచేసి గుర్తుపట్టడంలో రోగనిరోధక వ్యవస్థకు తోడ్పడే జన్యువులు; ఏ, బీ, డీఆర్‌బీ1 వాటిలో కొన్ని. ఒక్కో జన్యువుకున్న రకరకాల రూపాలే అలీళ్లు. బీ*53:01 అనే అలీల్ పేరులో బీ జన్యువు, 53 మొదటి ఫీల్డ్, 01 రెండో ఫీల్డ్. గత పాఠం అభ్యాసంలో ఈ బీ*53:01 పౌనఃపున్యం అడిగితే ఎక్కువమంది 0.12 అని రాశారు. కొత్త సంగతికి పోయేముందు దాన్ని సరిచేయాలి. లెక్క ఇదీ: 150 మందిలో 18 మందికి బీ*53:01 ఉంది. వారిలో ఒకరికి రెండు క్రోమోజోముల మీదా అదే. 18/150 అంటే ఆ అలీల్ ఉన్న మనుషుల వాటా. మనం అడిగింది అలీల్ పౌనఃపున్యం. దానికి లెక్కపెట్టాల్సింది ఈ జన్యువులుండే ఆరో క్రోమోజోములను, మనిషికి రెండు చొప్పున 300. ప్రతులు 17 + 2 = 19. కాబట్టి 19/300 = 0.063.

పాత సీరాలజీ (ప్రతిరక్షకాలతో చేసే రక్తపరీక్ష) పట్టికల్లో మనుషుల వాటా ఒక్కటే దొరుకుతుంది. అప్పుడు 1 − √(1 − 0.12) = 0.062 అని రాబట్టుకోవచ్చు. సరిచూసుకోవడానికి తప్ప నేనీ సూత్రం వాడను. హార్డీ-వైన్‌బర్గ్ సమతుల్యం (జనమంతా ఎంపిక లేకుండా కలిసిపోతే అలీళ్లు జతకుదిరే నిష్పత్తి) ఉందని ఇది ముందే నమ్మేస్తుంది, మిశ్రమ జనాభాలో ఆ నమ్మకం చెల్లకపోవచ్చు. చూడండి: 100 మంది చొప్పున రెండు సమూహాలు, అలీల్ ఒకదానిలో 0.20, రెండోదానిలో సున్నా. కలిపితే 0.10. సమతుల్యమే ఉంటే 200 మందిలో సమయుగ్మజులు (రెండు ప్రతులూ అదే ఉన్నవారు) ఇద్దరుండాలి, ఉన్నది నలుగురు. అలీల్ ఉన్నవారు 36 మంది, అంటే 0.18. సూత్రంలో వేస్తే 0.094 వస్తుంది, అసలు విలువ 0.10. టైపింగ్‌లో (ఎవరికి ఏ అలీల్ ఉందో తేల్చే పరీక్షలో) తప్పేమీ లేదు, రెండు సమూహాలను ఒకే సంచిలో పోశాం, అంతే.

ఇక పదేపదే కనబడే తప్పు: రెండో ఫీల్డ్‌ను కోసేసి ‘బీ57’, ‘డీఆర్15’ అని రాయడం. దయచేసి మానండి. ట్రినిడాడ్ టొబాగో 2011 జనగణనలో భారతీయ మూలాలవారు సుమారు 35 శాతం, ఆఫ్రికన్ మూలాలవారు 34, మిశ్రమ మూలాలవారు 23. 1845 నుంచి 1917 దాకా ఒప్పంద కూలీలను కలకత్తా, మదరాసు రేవుల నుంచి అక్కడికి తీసుకెళ్లారు. మదరాసు ఓడలెక్కినవారిలో తెలుగువారూ ఉన్నారు. అందుకే ఒకే ఫైలులో డీఆర్‌బీ1*15:03 ఆఫ్రికా వైపు నుంచి, 15:02 ఆసియా వైపు నుంచి, 15:01 ఐరోపా వైపు నుంచో భారత్ వైపు నుంచో వచ్చి చేరతాయి. మొదటి ఫీల్డ్ దగ్గర ఆగితే మూడూ ఒక్కటే.

ఇది పట్టిక అందం కోసం చెప్పే మాట కాదు. హెచ్‌ఐవీకి ఇచ్చే అబకావిర్ మందు బీ*57:01 ఉన్నవారిలో ప్రాణాంతకమైన అలర్జీ తేగలదు. ఆ అలీల్ భారతీయుల్లోనూ ఉంది. ఆఫ్రికన్ మూలాల్లో ఎక్కువగా కనిపించేది బీ*57:03, దానికి ఈ ముప్పు అంటదు. ‘బీ57’ అని మాత్రమే రాసిన కాగితం వైద్యుడికి పనికిరాదు.

రెండో ఫీల్డ్ ఉన్నా తేలని సందర్భాలున్నాయి. ఏ*33:03 భారతదేశంలోనూ పశ్చిమాఫ్రికాలోనూ ఉంది. అప్పుడు పక్కవాటిని చూడాలి. వెంట బీ*44:03, డీఆర్‌బీ1*07:01 ఉంటే భారతీయ హ్యాప్లోటైప్ (ఒకే క్రోమోజోము మీద కలిసి వచ్చే అలీళ్ల వరుస) కావచ్చు. బీ*53:01 ఉంటే ఆఫ్రికన్ కావచ్చు. ‘కావచ్చు’ అనే అంటున్నాను. ఏ, బీ జన్యువుల మధ్య పునస్సంయోగం (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరుగుతుంది. పైగా తల్లిదండ్రుల టైపింగ్ లేనిదే ఏది ఏ క్రోమోజోము మీద ఉందో ఊహే.

అభ్యాసం (అంకెలు కల్పితం): 120 మందిలో 11 మందికి బీ*57:01 ఒక్కో ప్రతి, 15 మందికి 57:03 ఒక్కో ప్రతి, ఇంకొకరికి రెండూ ఒక్కొక్కటి. రెండు పౌనఃపున్యాలూ కట్టండి. రెండూ ఉన్న వ్యక్తి ‘బీ57’ పట్టికలో ఎలా కనిపిస్తారు, అబకావిర్ ఇవ్వవచ్చా? తర్వాత పైన చెప్పిన రెండు సమూహాలకే వెళ్లి, వేరే జన్యువు మీది మరో అలీల్ కూడా మొదటిదానిలో 0.20, రెండోదానిలో సున్నా అనుకోండి. ఏ సమూహంలోనూ ఆ రెంటికీ లంకె లేదు. కలిపిన నమూనాలో అవి ఒకే క్రోమోజోము మీద కనిపించే పౌనఃపున్యం 0.01 కాక 0.02 ఎందుకవుతుందో అడుగడుగునా రాసి చూపండి.