సప్లయర్ నుంచి ఐబీసీ డిమాండ్ నోటీసు వస్తే: జవాబు, కౌంటర్ దాఖలు విధానం

ఆటోనగర్‌లోనో పరవాడలోనో కంపెనీ నడుపుతున్నవాళ్లు ఫారం 3 నోటీసు (బాకీ కట్టమని సప్లయర్ పంపే డిమాండ్ నోటీసు) అందగానే అడిగే మొదటి ప్రశ్న: 'విశాఖ కోర్టులో కేసు వేసి దీన్ని కొట్టేయించవచ్చా?' కుదరదు. 2016 నాటి దివాలా చట్టం, అంటే ఐబీసీ, ఈ వ్యవహారంలో సివిల్ కోర్టులకు అధికారం ఇవ్వలేదు. నోటీసును రద్దు చేయమని వేసే ప్రత్యేక దరఖాస్తు కూడా ఏదీ లేదు. మీరిచ్చే జవాబే మీ సవాలు. అందుకు గడువు నోటీసు అందినప్పటి నుంచి 10 రోజులు.

కాబట్టి కవరు పారేయకండి. దాని మీద అందిన తేదీ వేసి ఫైల్లో పెట్టండి. డైరెక్టర్ మెయిల్‌కు వచ్చినా నోటీసు చెల్లుతుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూసుకోండి.

జవాబులో చూపాల్సింది రెండింటిలో ఒకటి. డబ్బు ఇచ్చేసి ఉంటే బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రుజువు. లేదంటే ఆ బాకీపై వివాదం ఉందనడానికి ఆధారం. ఆ వివాదం నోటీసు కంటే ముందే పుట్టి ఉండాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నోటీసు వచ్చాక 'సరుకు నాసిరకం' అంటే ఎవరూ నమ్మరు. అదే, టెస్టులో ఫెయిలైన స్టీలు ప్లేట్లు వెనక్కి పంపినప్పుడు చలానా వెనక 'రిజెక్ట్' అని రాసి, తేదీ వేసి, లారీ డ్రైవర్ చేత సంతకం పెట్టించి ఉంటే ఆ ఒక్క కాగితం ఎంతో బలం. పాత మెయిళ్లు, డెబిట్ నోట్లు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ వెతకండి. వివాదంలో మీరే గెలుస్తారని ఈ దశలో నిరూపించక్కర్లేదు, అది ఉత్తుత్తిది కాకపోతే చాలు. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే. బాకీ నిజమే అయితే మాత్రం లేని గొడవ సృష్టించకండి, కూర్చుని సెటిల్ చేసుకోండి.

జవాబును స్పీడ్ పోస్టులోనూ, మెయిల్‌లోనూ పంపి రసీదు దాచండి.

అయినా సప్లయర్ ఐబీసీ సెక్షన్ 9 కింద దివాలా పిటిషన్‌తో ఎన్‌సీఎల్‌టీకి (నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్) వెళ్తే, మన రాష్ట్ర కంపెనీల కేసులు చూసేది అమరావతి బెంచ్. అక్కడ అఫిడవిట్‌తో కౌంటర్, అంటే పిటిషన్‌కు మీ జవాబు, వేయాలి. కంపెనీ తరఫున సంతకం చేసేవారికి బోర్డు తీర్మానం ఉండాలి. లాయరే కానక్కర్లేదు, చార్టర్డ్ అకౌంటెంట్, కంపెనీ సెక్రటరీ కూడా వాదించవచ్చు. బాకీ కోటి రూపాయల లోపైనా, డిఫాల్ట్ జరిగి మూడేళ్లు దాటినా ఆ అభ్యంతరం కౌంటర్ మొదట్లోనే రాయండి. అయితే మధ్యలో బాకీ ఒప్పుకుంటూ రాసిన లెటరు ఉంటే మూడేళ్ల లెక్క మారుతుంది.

పిటిషన్ అడ్మిట్ అయితే, అంటే దివాలా ప్రక్రియ మొదలైతే, బోర్డు అధికారాలు ట్రిబ్యునల్ నియమించే తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి వెళ్తాయి. జీతాల చెక్కు మీద సంతకం కూడా ఇక మీది కాదు. దీనిపై అప్పీలు చెన్నైలోని ఎన్‌సీఎల్‌ఏటీ (అప్పీళ్లు వినే ట్రిబ్యునల్) బెంచ్‌కు 30 రోజుల్లో వేయాలి, తగిన కారణం చూపితే మరో 15 రోజులు ఇస్తారు. లెక్క మొదలయ్యేది ట్రిబ్యునల్ ఆర్డరు ప్రకటించిన రోజు నుంచి. కాపీ చేతికొచ్చేదాకా ఆగకుండా సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టండి.