పళ్ల సెట్టు వదులైనా, గుచ్చుకున్నా ఇలా చేసి చూడండి

మా కావలి వైపు ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల బంతిలో ఈ సీన్ ఒకటి కనిపిస్తుంది. విస్తరి ముందు కూర్చోగానే ఒక పెద్దాయన పక్కకి తిరిగి, నోట్లోంచి పళ్ల సెట్టు తీసి, చేతిగుడ్డలో చుట్టి జేబులో వేసుకుంటాడు. కట్టించుకుందే తినడానికి కదా! మా అమ్మదీ అదే కథ. ఫొటో అంటే పెట్టుకునేది, అన్నం అంటే తీసేసేది. ఏందమ్మా అని అడిగితే, "కింది సెట్టు ఎగిరెగిరి పడతా ఉంది నాయనా, ఉత్త చిగుర్లే నయం" అనేది. అలా ఏడాది గడిచాక బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, అరగంటలో సగం బాధ తీరింది. చాలామంది ఈ అరగంట పనికి వెళ్లక, తమ నోరే బాగాలేదనుకుని సర్దుకుపోతుంటారు.

సెట్టు ఎందుకు వదులవుతుందో ముందు తెలుసుకోండి. పళ్లు తీయించుకున్నాక దవడ ఎముక అరిగిపోతూ వస్తుంది. మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఎక్కువగా, తర్వాత నిదానంగా అరుగుతుంది కానీ పూర్తిగా ఆగదు. సెట్టు మారదు, దాని కింద నేల కుంగుతుంది. పై సెట్టు అంగిలి మొత్తాన్ని కప్పుతుంది కాబట్టి తడిమీద ఒకదాంట్లో ఒకటి పెట్టిన స్టీలు పళ్లేల్లాగా లాలాజలంతో అతుక్కుని నిలబడుతుంది. కిందిది గుర్రపు నాడాలా ఉంటుంది, మధ్యలో నాలుక ఊరికే ఉండదు, పైగా కింది దవడ పైదానికంటే దాదాపు నాలుగింతలు వేగంగా అరుగుతుంది. కాబట్టి కిందిది పైదానంత గట్టిగా ఎప్పుడూ పట్టదు, ఆ ఆశ పెట్టుకోకండి. పెట్టుకున్న ప్రతిసారీ బాధ పెట్టకూడదు, అంతే.

డాక్టరు దగ్గర "బాగాలేదు" అని ఊరుకుంటే ఆయనకేం అర్థమవుతుంది? రెండు రోజులు గమనించి, విడమరిచి చెప్పండి. ఒకే చోట గుచ్చుకుంటుంటే అక్కడ సెట్టు ఎక్కువగా నొక్కుతోందని. పెదవీ చెంపా కదిలించగానే పై సెట్టు జారుతుంటే, నోరు పెద్దగా తెరవగానే కిందిది పైకి లేస్తుంటే, అంచు పొడుగై కండ దాన్ని నెడుతుండవచ్చు. సాయంత్రానికి చిగురంతా సలుపుతుంటే, మాట్లాడేటప్పుడు పైపళ్లూ కిందిపళ్లూ టకటకా కొట్టుకుంటుంటే పళ్ల ఎత్తులోనో, ఒకదానిమీద ఒకటి కూర్చోవడంలోనో తేడా ఉండొచ్చు. వాంతి వచ్చినట్టుంటే పై సెట్టు వెనక అంచు చూడమనండి. ఇంకో ముఖ్యమైన సంగతి, నొప్పని సెట్టు తీసేసి వారం తర్వాత వెళ్తే పుండు మానిపోయి ఉంటుంది, ఎక్కడ అరగదీయాలో ఆయనకి కనిపించదు. ఓర్చుకోగలిగితే వెళ్లే ముందు కొన్ని గంటలైనా పెట్టుకుని, ఎర్రటి గుర్తు కనబడేలా వెళ్లండి.

ఇంట్లో మాత్రం అరగదీయొద్దు, ఇది మా ఇంటి అనుభవంతో చెబుతున్నా. మా నాయన చెక్కపని తెలిసిన మనిషి, పెద్ద ధీమా. అమ్మ నిద్రపోతుంటే కింది సెట్టు తీసుకుని ఉప్పుకాగితంతో "కాస్తంత" రుద్దాడు. గుచ్చుకునే చోటు అలాగే ఉంది, పక్కన మాత్రం నున్నగా గుంటపడి అన్నం మెతుకులు అందులోకి దూరడం మొదలైంది! ఆ ముచ్చట డాక్టరుకి చెప్పడానికి నాకే సిగ్గేసింది.

వదులుకి అసలు మందు లోపలి పూత మార్చడం. దీన్ని రీలైనింగ్ అంటారు. మీ ఇప్పటి చిగురు అచ్చు తీసి, సెట్టు లోపలివైపు కొత్త పొర వేస్తారు. ల్యాబుకి పంపితే గట్టి పొర, మామూలుగా ఎక్కువకాలం ఉంటుంది. ఒరుసుకునే చిగురుకి మెత్తటి పొర వేస్తారు, అది తొందరగా పాడవుతుంది. పళ్లు తీసిన వెంటనే సెట్టు పెట్టించుకున్నవాళ్లకైతే మొదటి ఏడాదిలో ఇది దాదాపు తప్పదు, అది డాక్టరు తప్పు కాదు. ఏళ్లు గడిచి పళ్లే అరిగిపోయి, గడ్డం ముక్కుకి దగ్గరై, పెదవుల మూలలు చీలుతుంటే పూతతో పని కాదు, కొత్తదే.

మెడికల్ షాపుల్లో దొరికే అతికించే పేస్టు వాడొచ్చు, కానీ కొంచెంగా. సెట్టు కడిగి, శెనగగింజలో సగమంత చుక్కలు మూడో నాలుగో పెట్టి, నోట్లో కాసేపు నొక్కి పట్టుకోండి. అంచుల్లోంచి బయటికి కారిందంటే ఎక్కువైందని. రోజురోజుకీ ఎక్కువ కావాల్సి వస్తుంటే అది రీలైనింగుకి వేళైందని చెప్పే గుర్తు. జింకు లేని పేస్టు అడిగి తీసుకోండి, జింకు ఉన్నవి ఏళ్ల తరబడి అతిగా వాడి, ఒంట్లో రాగి తగ్గి నరాల జబ్బు తెచ్చుకున్నవాళ్లున్నారు.

తినడం కొత్తగా నేర్చుకోవాలి, ఇందులో దాపరికం లేదు. మొదటి వారం మెత్తటి ఇడ్లీ, పప్పన్నం, మజ్జిగన్నం. చిన్న ముద్దలు, రెండు వైపులా సమానంగా నమలడం. ముందుపళ్లతో జామకాయ కొరికితే వెనకవైపు సెట్టు లేచిపోతుంది, కోసుకుని తినండి. వక్కల జోలికి పోకండి. ఇక మన చేపల పులుసు సంగతి, ఇది ఎవరూ చెప్పరు: అంగిలి కప్పి ఉంటే ముల్లు తగిలింది తెలీదు, వేడీ సరిగా తెలీదు. బొచ్చె, శీలావతి లాంటి సన్నముళ్ల చేపల్ని కొన్నాళ్లు పక్కనపెట్టి, వంజరమో కొరమీనో వేళ్లతో విదిపి చూసుకుని తినండి. మా అమ్మ ఇప్పటికీ ముక్కని కంచం అంచుకి తెచ్చి, బొటనవేలితో నలిపి చూశాకే నోట్లో పెడుతుంది. కాఫీ కూడా పెదవికి ఆనించి చూసుకుని తాగాలి. మాటలకి "స, శ" దగ్గర ఈల వస్తుంటే రోజూ పేపరు పైకి చదవండి, రెండు మూడు వారాల్లో నాలుక దారికొస్తుంది.

నోరు ఎండితే ఎంత మంచి సెట్టైనా పట్టదు. కొన్ని బీపీ, అలర్జీ, నిద్ర మాత్రలు నోటిని ఎండబెడతాయి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకి చెప్పి, గుక్కగుక్కగా నీళ్లు తాగుతుండండి.

రాత్రి సెట్టు తీసి మామూలు నీళ్లలో వేయండి, చిగురుకీ గాలి తగలాలి. రాత్రీపగలూ ఉంచుకుంటే అంగిలి ఎర్రబడి బూజు ఇన్ఫెక్షన్ రావచ్చు, షుగరున్నవాళ్లకి మరీను. మరిగే నీళ్లు పోశారో వంకర తిరుగుతుంది. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, మెత్తటి బ్రష్షుతో సబ్బునీళ్లు చాలు. బోరు ఉప్పునీళ్లతో తెల్లటి పెచ్చు కడితే, తీగలూ లోహమూ లేని సెట్టైతే సగం వెనిగరు సగం నీళ్లలో కాసేపు నానబెట్టి రుద్ది కడగండి. కత్తితో గీకొద్దు.

సరిచేయించుకున్నా రెండు మూడు వారాలకి మానని పుండుంటే, తెల్లటిదో ఎర్రటిదో మచ్చ కనిపిస్తే, "సెట్టు ఒరుసుకుందిలే" అని ఊరుకోకుండా చూపించుకోండి. పొగాకు, చుట్ట అలవాటున్నవాళ్లు అస్సలు ఆలస్యం చేయకూడదు.

ఇన్ని చేసినా కింది సెట్టు నిలవకపోతే, దవడ ఎముకలో రెండు ఇంప్లాంట్లు (మరల్లాంటి చిన్న లోహపు పిన్నులు) వేసి, సెట్టుని వాటికి బటన్లలా తగిలించే పద్ధతుంది. ఖర్చు ఎక్కువే, కానీ కింది సెట్టుకి దాంతో వచ్చే పట్టు పేస్టుతో రాదు. నెల్లూరులోనే డెంటల్ కాలేజీ ఉంది, బయట క్లినిక్కులో డబ్బు కట్టేముందు అక్కడ కూడా ఒకసారి అడగండి.

కడిగేటప్పుడు కింద టవలు పరిచో, గిన్నెలో నీళ్లు పెట్టో కడగండి, సింకులో పడితే రెండు ముక్కలే. విరిగితే ఫెవిక్విక్ పెట్టకండి, ఒకసారి వంకరగా అతుక్కున్నాక ల్యాబులో సరిగ్గా కలపడం కష్టం. ముక్కలన్నీ, గోరంత ముక్కతో సహా, డబ్బాలో వేసుకుని తీసుకెళ్లండి.