రోల్స్ పెట్టాక "నాకు ఓపెన్ అవ్వట్లేదు" అంటే ఎక్కడ వెతకాలి: సమస్య - పరిష్కారం

సైట్‌లో నలుగురు చేరి పని చేస్తున్నారంటే ఎవరు ఏం చూడొచ్చు, ఏం చేయొచ్చు అన్న పర్మిషన్లని రోల్స్‌గా (కొన్ని చోట్ల గ్రూపులంటారు) కట్టి పంచుతాం, అప్పుడు ఏదో ఒక రోజు ఈ మెసేజ్ వస్తుంది, "నాకు ఆ సెక్షన్ ఓపెన్ అవ్వట్లేదు, కొంచెం చూడండి" అని. వెంటనే చాలామంది చేసే పని, ఆ మనిషికి అడ్మిన్ రోల్ ఇచ్చేసి, సరిపోయిందా అని అడిగి, ఆ సంగతి అక్కడితో మర్చిపోవడం. దయచేసి అలా చేయొద్దు. పర్మిషన్ తక్కువైతే మనిషే వచ్చి చెప్తాడు, ఎక్కువైతే మాత్రం ఎవ్వరూ చెప్పరు, "నాకు అందరి ఈమెయిల్ ఐడీలు కనిపిస్తున్నాయండీ" అని వచ్చి చెప్పిన సభ్యుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. వెబ్ సైట్లకి పెద్ద ప్రమాదాలేంటో చెప్పే, వెబ్ సెక్యూరిటీ వాళ్ళు చూసే ఓవాస్ప్ టాప్ 10 లిస్టులో 2017లో అయిదో స్థానంలో ఉన్న యాక్సెస్ కంట్రోల్ లోపాలు, అంటే చూడకూడనిది చూడగలగడం, చేయకూడనిది చేయగలగడం లాంటివి, 2021 లిస్టుకి మొదటి స్థానానికి వచ్చాయి.

ఏదైనా ముట్టుకునే ముందు రెండు పనులు చేసి పెట్టుకోండి. ఒకటి, ప్రతి రోల్‌కి ఒక టెస్ట్ అకౌంట్, అంటే మామూలు సభ్యుడు, కొత్త సభ్యుడు, మోడరేటర్ ఇలా, వీటితో ప్రైవేట్ విండోలో లాగిన్ అయి చూడాలి, మన అడ్మిన్ అకౌంట్‌తో చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి అది పరీక్షే కాదు. రెండోది, ఫిర్యాదు చేసినవాళ్ళ దగ్గర యూజర్ నేమ్, లింకు, స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి. ఆ మెసేజ్‌లో ఉండే ఎర్రర్ నంబర్ చూడండి. 401 వస్తే సైట్‌కి ఆ మనిషెవరో ఇంకా తెలియలేదని, లాగిన్ సంగతి చూడాలి. 403 వస్తే మనిషి ఎవరో తెలిసే వద్దంటోందని, పర్మిషన్ చూడాలి. 404 వస్తే పేజీ లేదని వెంటనే అనుకోకండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాచిపెట్టిన పేజీ అసలు ఉందన్న సంగతే తెలియకూడదని కావాలనే 404 చూపిస్తాయి.

సమస్య: గ్రూప్‌లో చేర్చాను, పర్మిషన్ కూడా ఇచ్చాను, అయినా వద్దంటోంది

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇదే, దీని మీదే టైమ్ ఎక్కువ పోతుంది కూడా. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, మనిషి ఒక్క గ్రూప్‌లో లేడు, రెండు మూడు గ్రూపుల్లో ఉన్నాడు, ఒకటి రమ్మంటోంది ఇంకొకటి వద్దంటోంది. అప్పుడు ఎవరి మాట నెగ్గుతుందన్నది సాఫ్ట్‌వేర్‌ని బట్టి మారుతుంది, ఒక చోట నేర్చుకున్న రూల్ ఇంకో చోట పట్టుకెళ్తే తప్పైపోతుంది.

ఫోరమ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్ పీహెచ్‌పీబీబీలో ప్రతి పర్మిషన్‌కి మూడు విలువలు ఉంటాయి, యెస్, నో, నెవర్. నో అంటే "నేను ఇవ్వలేదు, ఇంకెవరైనా ఇస్తే ఇవ్వనీ" అని, ఇంకో గ్రూప్ యెస్ అంటే అది నెగ్గుతుంది. నెవర్ అంటే అలా కాదు, ఏ ఒక్క గ్రూప్‌లో నెవర్ ఉన్నా మిగతా పది గ్రూపుల్లో యెస్ ఉన్నా పని జరగదు, ఆ యూజర్‌కి విడిగా యెస్ ఇచ్చినా జరగదు. "వద్దు" అనుకున్న ప్రతి చోటా గట్టిగా ఉండాలని నెవర్ పెట్టేస్తారు చూడండి, అక్కడే మొదలవుతుంది గొడవంతా. కొత్తగా చేరినవాళ్ళ గ్రూప్‌కి కొన్ని నెవర్లు ముందే పెట్టి ఉంటాయి, అందుకే నిన్న చేరిన మనిషిని ఇవాళ టీమ్‌లో చేర్చినా కొన్ని పనులు కావు.

సైట్లు తయారుచేసే డ్రూపల్‌లో అయితే వద్దనడం అనేదే లేదు, ఉన్న రోల్స్ అన్నిటి పర్మిషన్లూ కలిసిపోతాయి, కాబట్టి అక్కడ "ఈ రోల్ వల్ల ఆగిపోయింది" అనే మాటే రాదు, ఇవ్వడం మర్చిపోయాం అంతే. గ్రూప్ చాట్ యాప్ డిస్కార్డ్‌లో ఇంకోలా ఉంటుంది, ఒక ఛానల్‌లో ఒక రోల్‌కి వద్దని, అదే మనిషికున్న ఇంకో రోల్‌కి సరేనని పెడితే సరేనన్నదే నెగ్గుతుంది, అంటే పీహెచ్‌పీబీబీకి పూర్తిగా ఉల్టా. ఆ పైన అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ ఉన్న రోల్‌ని ఛానల్‌లో పెట్టిన ఏ ఆంక్షా ఆపదు.

పరిష్కారం ఏంటంటే ఊహించకుండా ట్రేస్ చేయడం, అంటే ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికి పట్టుకోవడం. పీహెచ్‌పీబీబీ అడ్మిన్ ప్యానెల్లో పర్మిషన్ పక్కనే ట్రేస్ ఐకాన్ ఉంటుంది, నొక్కితే ఏ గ్రూప్ ఏమంది, చివరికి ఎవరి మాట నిలిచింది వరసగా చూపిస్తుంది, ఆ యూజర్ పర్మిషన్లతోనే సైట్‌ని మనం తిరిగి చూసే ఆప్షన్ కూడా ఉంది. డిస్కార్డ్‌లో ఒక రోల్ ఉన్న మనిషికి సర్వర్ ఎలా కనిపిస్తుందో చూసే ఆప్షన్ ఉంది. ఎక్కడ నెవర్ దొరికితే అక్కడ దాన్ని నోకి మార్చండి, ముందు ఆ నెవర్ ఎందుకు పెట్టారో కనుక్కుని మరీ మార్చండి. నా మాట అయితే, నెవర్‌ని శిక్ష పడిన సభ్యుల గ్రూప్, కొత్తవాళ్ళ గ్రూప్ లాంటి వాటికే ఉంచుకోండి, మిగతా అన్ని చోట్లా నో చాలు.

సమస్య: రోల్ మార్చాను, ఆ మనిషికి ఏమీ మారలేదు

ముందు లాగ్ అవుట్ చేసి మళ్ళీ లాగిన్ అవ్వమనండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. కారణం ఏంటంటే కొన్ని సైట్లు లాగిన్ అయినప్పుడే రోల్‌ని సెషన్‌లోనో టోకెన్‌లోనో (లాగిన్ అయ్యాడని గుర్తుపెట్టుకునే చీటీ లాంటిది) రాసేసుకుంటాయి, ఆ తర్వాత డేటాబేస్‌లో మనం ఏం మార్చినా టోకెన్ గడువు తీరేదాకా పాత రోలే నడుస్తుంది. కొత్త పర్మిషన్ ఆలస్యంగా వస్తే పర్వాలేదు, చిరాకే గానీ నష్టం లేదు. తీసేసిన పర్మిషన్ ఇంకా పని చేస్తుంటేనే భయం, మోడరేటర్‌ని తీసేశాం అనుకుంటాం, అతను మాత్రం టోకెన్ ఉన్నంతసేపు పోస్టులు డిలీట్ చేస్తూనే ఉండొచ్చు. సైట్ సొంతంగా రాసుకున్నదైతే టోకెన్ గడువు నిమిషాల్లో పెట్టండి, లేదా పెద్ద పనులకి ప్రతిసారీ డేటాబేస్‌లో రోల్ చూసేలా రాయండి.

సైట్లు, బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్‌లో కోడ్ రాసేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. కొత్త రోల్ తయారుచేసే యాడ్ రోల్ ఫంక్షన్ ఆ రోల్‌ని డేటాబేస్‌లో రాసేస్తుంది, ఆ పేరుతో రోల్ ఇదివరకే ఉంటే ఏమీ చేయకుండా ఊరుకుంటుంది, ఎర్రర్ కూడా చూపించదు. కాబట్టి కోడ్‌లో పర్మిషన్ల లిస్టు మార్చి, సేవ్ చేసి, పేజీ వందసార్లు రిఫ్రెష్ చేసినా పాతదే ఉంటుంది. ఉన్న రోల్‌కి కొత్త పర్మిషన్ ఒక్కసారి రన్ చేసి యాడ్ చేయండి, లేదంటే రోల్ తీసేసి మళ్ళీ పెట్టండి, ఆ పని ప్లగిన్ యాక్టివేట్ అయ్యేటప్పుడు ఒక్కసారే జరిగేలా చూసుకోండి.

సమస్య: కొత్త సెక్షన్ పెట్టాను, ఎవ్వరికీ కనిపించట్లేదు

పీహెచ్‌పీబీబీలో కొత్త సెక్షన్‌కి పర్మిషన్లు ఖాళీగా ఉంటాయి, తయారుచేసేటప్పుడే ఇంకో సెక్షన్ నుంచి పర్మిషన్లు కాపీ చేయమని అడుగుతుంది, అది చాలామంది వదిలేస్తారు. కాపీ చేసేయండి, అంతే. ఇంకో సంగతి, సెక్షన్ పేరు కనిపించడం వేరు, లోపల చదవడం వేరు, రెండూ వేరువేరు పర్మిషన్లు, పేరు కనిపించి లోపలికి పోనివ్వట్లేదంటే రెండోది ఇవ్వలేదని.

ఇంకో ఫోరమ్ సాఫ్ట్‌వేర్ డిస్కోర్స్‌లో దీనికి ఎదురు, కొత్త కేటగిరీ పెడితే మామూలుగా అందరికీ తెరిచే ఉంటుంది. కాబట్టి ప్రైవేట్ కేటగిరీ అయితే ముందు సెక్యూరిటీ ట్యాబ్‌లో అందరూ అనే గ్రూప్‌ని తీసేసి, మన గ్రూప్ పెట్టి, ఆ తర్వాతే లోపల ఏదైనా రాయండి. సబ్ కేటగిరీకి పర్మిషన్ ఇస్తుంటే సేవ్ అవ్వట్లేదంటే పైనున్న కేటగిరీలో ఆ గ్రూప్‌కి ప్రవేశం లేదని అర్థం, పైన ఇవ్వకుండా కింద ఇవ్వనివ్వదు.

సమస్య: ప్రైవేట్ సెక్షన్‌లో విషయం బయటికొచ్చింది, పర్మిషన్లు చూస్తే అన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయి

ఇక్కడ కంగారు పడకుండా వరసగా చూడాలి, ఎందుకంటే ముందు గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచిన వ్యవహారం ఇది. పెరటి తలుపులు చాలా ఉంటాయి.

మొదటిది పేజీ క్యాష్, అంటే ఒకసారి తయారైన పేజీని దాచుకుని మళ్ళీ అదే ఇవ్వడం. సైట్ ఫాస్ట్‌గా ఉండాలని క్యాష్ ప్లగిన్‌గానీ సీడీఎన్‌గానీ (పేజీల కాపీలు దాచి ఇచ్చే మధ్య సర్వర్లు) పెట్టుకుంటాం, లాగిన్ అయిన సభ్యుడు చూసిన పేజీని అది దాచుకుని అదే లింక్ అడిగిన గెస్ట్‌కి ఇచ్చేస్తుంది, పర్మిషన్ చూసే కోడ్ దాకా రిక్వెస్ట్ రానే రాదు. గెస్ట్‌కి లోపలి పేజీ వచ్చి, పైన ఇంకెవరిదో పేరు కూడా కనిపిస్తోందంటే ఇదే. లాగిన్ అయినవాళ్ళ పేజీలకి క్యాష్ కంట్రోల్ హెడర్ (పేజీతో పాటు సర్వర్ పంపే సూచన) ప్రైవేట్ అనో నో స్టోర్ అనో పంపాలి, లాగిన్ కుకీ ఉంటే క్యాష్‌ని దాటేయమని సీడీఎన్‌కి రూల్ పెట్టాలి, అప్పటిదాకా దాచినదంతా క్లియర్ చేయాలి, ఈ మూడోది మర్చిపోతే రూల్ పెట్టాక కూడా పాత పేజీలు కొన్నాళ్ళు తిరుగుతూనే ఉంటాయి.

రెండోది అటాచ్‌మెంట్లు. పోస్ట్‌కి తాళం ఉంటుంది గానీ అందులో పెట్టిన ఫోటో, పీడీఎఫ్ అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, వాటిని వెబ్ సర్వర్ నేరుగా ఇచ్చేస్తుంది, లింక్ తెలిస్తే చాలు ఎవరైనా తెరవొచ్చు. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా పరిస్థితి ఇదే. ప్రైవేట్ ఫైళ్ళని వెబ్ ఫోల్డర్ బయట పెట్టి, రోల్ చూసి ఫైల్ ఇచ్చే స్క్రిప్ట్ గుండానే పంపాలి. సభ్యుల గుర్తింపు కార్డుల్లాంటివి తీసుకునే సైట్లు ఈ ఒక్క పని చేయకుండా ఒక్క రోజు కూడా నడవకూడదని నా అభిప్రాయం.

ఇక సెర్చ్ రిజల్ట్స్‌లో వచ్చే రెండు లైన్ల ముక్క, కొత్త పోస్టుల్ని వేరే యాప్‌లకి పంపే ఆర్ఎస్ఎస్ ఫీడ్, ఈమెయిల్ నోటిఫికేషన్, వేరే ప్రోగ్రాములు సైట్ డేటా తీసుకునే ఏపీఐ, ఇవన్నీ కూడా తలుపులే. టెస్ట్ అకౌంట్‌తో ప్రైవేట్ పోస్ట్‌లోని ఒక అరుదైన పదం సెర్చ్ చేసి చూడండి. ఈమెయిల్ విషయంలో ఒకటి, గ్రూప్ నుంచి తీసేసినా పాత సబ్‌స్క్రిప్షన్ వల్ల కొత్త పోస్టుల నోటిఫికేషన్ పోతూనే ఉందేమో చూసుకోవాలి, అందులో పోస్ట్ మొత్తం ఉంటే తీసేసి లాభం లేనట్టే.

సమస్య: డిలీట్ బటన్ దాచాం, అయినా ఎవరో డిలీట్ చేశారు

బటన్ దాచడం పర్మిషన్ కాదు. బ్రౌజర్‌లో ఏది దాచినా రిక్వెస్ట్‌ని చేత్తో పంపొచ్చు, లింక్‌లో పోస్ట్ నంబర్ 41ని 42 చేసి చూడ్డానికి పెద్ద హ్యాకర్ అక్కర్లేదు. సర్వర్ ప్రతి రిక్వెస్ట్‌కి రెండు ప్రశ్నలు అడగాలి, ఈ రోల్ డిలీట్ చేయొచ్చా, ఈ పోస్ట్‌నే డిలీట్ చేయొచ్చా. మొదటిది అడిగి రెండోది వదిలేసిన కోడ్ చాలా చూశాను, తన పోస్ట్ డిలీట్ చేసుకునే హక్కుతో పక్కవాడి పోస్ట్ పోతుంది. రోల్ తెలియని చోట, రూల్ లేని చోట వద్దనే సమాధానం రావాలి. బటన్ దాచండి, అది చూడ్డానికి బావుంటుంది, కానీ ముందు సర్వర్‌లో చెక్ పెట్టాకే.

సమస్య: ఫోటో పెట్టలేకపోతున్నాడు, రాసింది పబ్లిష్ చేయలేకపోతున్నాడు

వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ అయితే అంతే, రాయగలడు గానీ పబ్లిష్ చేయలేడు, ఫైళ్ళు అప్‌లోడ్ చేయలేడు. ఆథర్ తన రాతల వరకు అన్నీ చేస్తాడు, వేరేవాళ్ళవి ముట్టుకోవాలంటే ఎడిటర్ కావాలి. ఒక్క ఫోటో కోసం ఎడిటర్ ఇవ్వొద్దు, ఆథర్ చాలు.

సమస్య: సైట్ కొత్త సర్వర్‌కి మార్చాక అడ్మిన్‌నే లోపలికి రానివ్వట్లేదు

లాగిన్ అవుతుంది, కానీ ఈ పేజీ చూడ్డానికి మీకు అనుమతి లేదంటుంది. మార్చేటప్పుడు టేబుల్ ప్రిఫిక్స్, అంటే డేటాబేస్ టేబుళ్ళ పేర్ల ముందుండే ముక్క, మార్చారా? వర్డ్‌ప్రెస్ రోల్స్ లిస్టుని ఆప్షన్స్ టేబుల్‌లో, ఎవరికి ఏ రోల్ అన్నది యూజర్ మెటా టేబుల్‌లో పెట్టుకుంటుంది, ఆ రెండు ఎంట్రీల పేర్ల ముందు కూడా అదే ప్రిఫిక్స్ ఉంటుంది. టేబుళ్ళ పేర్లు మార్చి ఈ ఎంట్రీల పేర్లు వదిలేస్తే సైట్ దృష్టిలో ఎవ్వరికీ ఏ రోలూ లేదు. బ్యాకప్ తీసుకుని ఆ రెండు చోట్లా పాత ప్రిఫిక్స్‌ని కొత్తదిగా మార్చండి, తిరిగి వస్తుంది.

సమస్య: రోల్స్ ముప్పై దాటాయి, ఏది ఎవరికో మాకే తెలియట్లేదు

ఫెరైయోలో, కూన్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో ఈ రోల్స్ పద్ధతిని పేపర్‌గా రాసినప్పుడు అసలు ఆలోచన చాలా సింపుల్, పర్మిషన్ మనిషికి ఇవ్వకు, పనికి ఇవ్వు, మనిషిని ఆ పనిలో పెట్టు. మనం మెల్లగా మనుషుల పేర్లతోనే రోల్స్ తయారుచేస్తాం, ఫలానా ఆవిడ కోసం ఒకటి, ఆవిడ సెలవులో ఉంటే చూసే అతని కోసం ఒకటి. ఒక స్ప్రెడ్‌షీట్ తీసుకుని అడ్డంగా రోల్స్, నిలువుగా పనులు రాయండి, రెండు నిలువు వరసలు ఒకేలా ఉంటే ఆ రెండు రోల్స్ కలిపేయండి, ఒక్క మనిషే ఉన్న రోల్ దేనికో అడగండి. ఏదైనా ఒకరికి విడిగా పర్మిషన్ ఇవ్వక తప్పకపోతే ఎప్పుడు తీసేయాలో తేదీ కూడా అదే షీట్‌లో రాయండి.

పని మానేసిన మోడరేటర్ల సంగతి కూడా అప్పుడే చూసేయండి. రోల్ తీసేయడంతో పాటు అన్ని సెషన్లూ క్లోజ్ చేయాలి, ఏపీఐ కీలు రద్దు చేయాలి, వర్డ్‌ప్రెస్‌లో వేరే యాప్‌ల కోసం ఇచ్చిన అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు ఉంటే అవి విడిగా రద్దు చేయాలి, మామూలు పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అవి పోవు. అందరికీ ఒకే అడ్మిన్ లాగిన్ ఉన్న టీమ్ అయితే ముందు దాన్ని విడగొట్టండి, ఎవరి అకౌంట్ వాళ్ళకి ఇవ్వకుండా పైన చెప్పిన ట్రేసింగ్ ఏదీ పని చేయదు, లాగ్‌లో ఒక్క పేరే కనిపిస్తుంది.