గ్యాలరీ లేకుండా ఫోటో ఎగ్జిబిషన్: సెలూన్‌లో, బస్టాప్‌లో, మెట్ల దారిలో ఎలా పెట్టాలి?

గ్యాలరీ గుమ్మం తొక్కని వాళ్లే ఏ సిటీలో అయినా ఎక్కువ. ఫోటోలంటే ఇష్టం లేక కాదు, ఆ గుమ్మం తమ కోసం కాదనుకుంటారు, లేదా అది తెరిచి ఉండే టైమ్‌కి పనిలో ఉంటారు, చాలామందికి అసలు అలాంటి చోటు ఒకటుందనే తెలీదు. అదే మనుషులు సెలూన్‌లో కూర్చుంటారు, బస్టాప్‌లో నిలబడతారు, ఆస్పత్రి వరండాలో తమ నంబర్ పిలిచేదాకా గంటలు గంటలు ఎదురుచూస్తారు. వాళ్లు ఫోటోల దగ్గరికి రాకపోతే ఫోటోల్నే వాళ్ల దగ్గరికి తీసుకెళ్దాం, అది ఎలాగో మొదట్నుంచి చివరిదాకా చెప్తా.

ఇదేం కొత్త ఐడియా కాదు. ఢాకాలో జరిగే ఛబి మేళా ఫోటో ఫెస్టివల్ వాళ్లు ఫోటోల్ని రిక్షా వ్యాన్లకి కట్టి వీధుల్లో తిప్పారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 2012లో మొదలైన ఫోటోవిల్ అనే ఫోటో ఫెస్టివల్ వాళ్లయితే షిప్పింగ్ కంటైనర్లనే గ్యాలరీలు చేసేశారు. ఫ్రెంచ్ ఆర్టిస్ట్ జేఆర్ 2009లో నైరోబీలోని కిబెరా బస్తీలో ఇళ్ల పైకప్పుల మీద అక్కడి ఆడవాళ్ల ముఖాలు, కళ్లు పెద్ద పెద్ద సైజులో పరిచాడు, ఆ ప్రింట్లు నీళ్లకి తట్టుకునే మెటీరియల్ మీద వేయించారు కాబట్టి వానకి ఇల్లు కారకుండా కూడా పనికొచ్చాయి. నాకు ఈ మూడింట్లో కిబెరాదే బాగా నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ ఫోటో ఆ ఇంటివాళ్ల అక్కరకొచ్చింది. మీరు కూడా ప్లాన్ మొదలెట్టే ముందు ఇదే ప్రశ్న వేసుకోండి, ఈ ఫోటోలు ఇక్కడ పెడితే ఈ చోటు వాళ్లకి ఏంటి లాభం అని. దీనికి జవాబు దొరికిందంటే మిగతా పనులు చాలావరకు ఈజీ అయిపోతాయి.

1. ముందు చోటు చూడండి, ఫోటోలు తర్వాత

ఎక్కువమంది ఉల్టా చేస్తారు, ముందు ఫోటోలు రెడీ చేసుకుని తర్వాత గోడ కోసం తిరుగుతారు. గోడ కోసం తిరగొద్దు, జనం ఎక్కడ ఆగుతున్నారో చూడండి. నడిచి వెళ్లిపోయే చోట ఎంత మంచి ఫోటో పెట్టినా రెండు సెకన్లు కూడా చూడరు, ఆగే చోట మాత్రం మామూలు ఫోటోని కూడా పది నిమిషాలు చూస్తారు. లాండ్రీ, సెలూన్, లైబ్రరీ, క్లినిక్, లిఫ్ట్ ముందు ఉండే జాగా, పార్క్ బెంచీల ఎదురుగా ఉన్న రెయిలింగ్, రాత్రిళ్లు మూసి ఉండే షాపుల షట్టర్లు, స్కూల్ కాంపౌండ్ వాల్, ఇవన్నీ పనికొచ్చేవే.

నచ్చిన చోటుకి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లి ఊరికే కూర్చోండి. ఎండ ఎటు నుంచి పడుతోంది, లైట్ ఏ టైమ్‌కి వేస్తున్నారు, జనం ఎటు తిరిగి కూర్చుంటున్నారు, గోడకి చెమ్మ ఉందా, పిల్లలు బంతి ఎక్కడ ఆడుతున్నారు, అన్నీ నోట్ చేసుకోండి. టేప్ వెంట తీసుకెళ్లి గోడ కొలతలు రాసుకుని, ఫోన్‌లో ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీసుకోండి, తర్వాత లేఅవుట్ వేసుకునేటప్పుడు అది చాలా హెల్ప్ అవుతుంది.

ఒకటి కంటే ఎక్కువ చోట్ల పెట్టాలనుకుంటే అన్నీ కలిపి ఇరవై నిమిషాల నడకలో ఉండేలా చూసుకోండి. సిటీ అంతా చెదరగొడితే రెండో చోటుకి ఎవరూ వెళ్లరు.

2. పర్మిషన్ ఎవరిని అడగాలి

షాపు నడిపేవాళ్లు సరే అన్నారని పని మొదలెట్టేయకండి, బిల్డింగ్ ఓనర్ వేరే ఉండొచ్చు. పబ్లిక్ జాగా అయితే దాన్ని చూసుకునే ఆఫీసు నుంచి రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోవాలి, దానికి వారాలు పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు ఈ పని మొదలెట్టండి. అడగడానికి వెళ్లేటప్పుడు ఖాళీ చేతుల్తో వెళ్లకుండా, మీరు తీసిన ఆ గోడ ఫోటో మీదే ప్రింట్లు ఎక్కడొస్తాయో గుర్తు పెట్టి చూపించండి. నోటితో ఎంత చెప్పినా ఊహించుకోలేని వాళ్లు ఆ ఒక్క బొమ్మ చూడగానే ఓకే అనేస్తారు.

ఒక పేజీ మీద ఈ విషయాలు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకుంటే చాలు: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, గోడకి ఏం చేస్తాం ఏం చేయం, ఏదైనా పాడైతే ఎవరు బాగుచేయిస్తారు, రోజూ ఎవరు చూసుకుంటారు. అలాగే ఏ ఫోటో అయినా వాళ్లకి ఇబ్బందిగా ఉంటే చెప్పమని ముందే అడగండి. అది వాళ్ల చోటు, రోజంతా ఆ ఫోటోల మధ్య గడిపేది వాళ్లే. అందుకే ఫైనల్ లిస్ట్ వాళ్లకి చూపించకుండా నేనైతే ప్రింట్‌కి ఇవ్వను.

3. ఫోటోలు ఎవరివి

కమ్యూనిటీ ఎగ్జిబిషన్ అన్నాక బయట నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలే ఉంటే అందులో కమ్యూనిటీ ఏముంది? 1990ల మొదట్లో చైనాలోని యునాన్‌లో పల్లెటూరి ఆడవాళ్ల చేతికే కెమెరాలిచ్చి, మీ బతుకు మీరే తీసి చూపించండి అన్నారు. కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ మొదలెట్టిన ఆ పద్ధతికి ఫోటోవాయిస్ అని పేరొచ్చింది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. మీరు అంత పెద్ద ప్రాజెక్ట్ చేయక్కర్లేదు గానీ ఆ పద్ధతి మాత్రం పట్టుకోండి. ఏరియాలో వాళ్లకి ఒక టాపిక్ ఇవ్వండి, అది చిన్నగా ఉండాలి. "మన సిటీ" అంటే ఏం తీయాలో ఎవరికీ తోచదు, "పొద్దున ఆరింటికి మా వీధి" లేదా "మా ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు" అంటే అందరికీ వెంటనే ఏదో ఒకటి తడుతుంది.

ఫోటోలు పంపమనేటప్పుడు ఒరిజినల్ ఫైలే కావాలని గట్టిగా చెప్పండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి ప్రింట్ మసకగా వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి లేదా ఈమెయిల్ చేయమనండి. 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసిన ఫోటో దాదాపు 4000 బై 3000 పిక్సెల్స్ ఉంటుంది, ఎ3 కాగితం పొడవు 42 సెంటీమీటర్లు అంటే పదహారున్నర అంగుళాలు, కాబట్టి అంగుళానికి 240 పిక్సెల్స్ దాకా వస్తాయి, గోడ మీద పెట్టి చూడ్డానికి అది చక్కగా సరిపోతుంది. ఫోన్ ఫోటోలు పనికిరావేమో అని ఎవరైనా సిగ్గుపడితే ఈ లెక్క చెప్పండి.

ఏరేటప్పుడు ముగ్గురు నలుగురు కూర్చోండి, అందులో ఒక్కరైనా ఆ చోటుకి రోజూ వచ్చేవాళ్లు ఉండాలి. అన్నీ చిన్న సైజులో ప్రింట్ తీసి టేబుల్ మీద పరిచి చూడండి, స్క్రీన్ మీద ఒక్కోటి జరుపుతూ చూస్తే ఏది దేని పక్కన బాగుంటుందో తెలీదు. ఒక చిన్న షాపుకి ఎనిమిది పది ఫోటోలు చాలు.

4. ఫోటోలో ఉన్నవాళ్లని అడగండి

దీన్ని మాత్రం ఫార్మాలిటీ అనుకోవద్దు. మామూలు గ్యాలరీలో అయితే ఫోటోలో మనిషికీ చూసేవాళ్లకీ పరిచయం ఉండదు, ఇక్కడ మాత్రం చూసేవాళ్లంతా వాళ్ల పక్కింటివాళ్లే. ఫోటో తీయడానికి ఒప్పుకున్నారంటే దాన్ని గోడ మీద పెట్టడానికి కూడా ఒప్పుకున్నట్టు కాదు. ప్రింట్ ఎక్కడ పెడతామో, ఎంత సైజులో, ఎన్ని రోజులు, సోషల్ మీడియాలో కూడా వేస్తామా, అన్నీ చెప్పి అడగండి, పిల్లలైతే అమ్మానాన్నల్ని అడగండి. మధ్యలో వద్దనిపిస్తే ఎప్పుడైనా చెప్పొచ్చని, కారణం అడగకుండా అదే రోజు తీసేస్తామని చెప్పండి, చెప్పినట్టే తీసేయండి. ఇంటి నంబర్, బండి నంబర్ ప్లేట్, స్కూల్ బ్యాడ్జి లాంటివి ఫ్రేమ్‌లో ఉన్నాయేమో ఒకసారి జూమ్ చేసి చూసుకోండి. తీసినవాళ్ల పేరు ప్రతి ఫోటో కింద ఉండాలి, ఫోటో మీద హక్కులు వాళ్లవే అని కూడా రాసివ్వండి.

5. ప్రింట్

ఫ్రేములు అక్కర్లేదు. 1955లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఎడ్వర్డ్ స్టైకెన్ పెట్టిన ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్ ఎగ్జిబిషన్‌లో 68 దేశాల నుంచి తెచ్చిన 503 ఫోటోలున్నాయి, వాటిని ఫ్రేముల్లేకుండా ప్యానెళ్లకి అతికించి రకరకాల సైజుల్లో పెట్టారు. లోపల పెట్టేవి మ్యాట్ పేపర్ (మెరవని కాగితం) మీద తీసి 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డ్‌కి అతికించండి. గ్లాసీ వద్దు, ట్యూబ్‌లైట్ పడిందంటే ఫోటో బదులు లైటే కనిపిస్తుంది. బయట పెట్టేవాటికి వినైల్ (ప్లాస్టిక్ షీట్) లేదా సన్‌బోర్డ్ (గట్టి ప్లాస్టిక్ ఫోమ్ బోర్డ్) వాడి, పైన మ్యాట్ లామినేషన్ చేయించండి, గాలి ఎక్కువ ఉండే రెయిలింగ్ అయితే చిన్న చిన్న రంధ్రాలుండే మెష్ మెటీరియల్ అడగండి, గాలి అందులోంచి వెళ్లిపోతుంది కాబట్టి చిరగదు. ఎండ నేరుగా పడే చోట ఏ ప్రింట్ అయినా వెలిసిపోతుంది, పిగ్మెంట్ ఇంక్ అయితే కాస్త ఎక్కువ రోజులు ఆగుతుంది.

అన్నీ ఒకేసారి ప్రింట్‌కి ఇవ్వొద్దు. ముందు ఒక్కటి తీయించి అదే గోడ దగ్గరికి తీసుకెళ్లి అక్కడి లైట్‌లో చూడండి. స్క్రీన్ మీద బాగున్నది చాలా చోట్ల కాగితం మీద చీకటిగా వస్తుంది, అప్పుడు మిగతావన్నీ కాస్త బ్రైట్ చేసి ఇవ్వొచ్చు.

6. తగిలించడం

నిలబడి చూసే చోట ఫోటో మధ్య భాగం నేల నుంచి దాదాపు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, మ్యూజియాల్లో కూడా ఇంచుమించు ఇదే లెక్క. కూర్చుని చూసే చోట ఇది పనికిరాదు, ఇంకో ముప్పై సెంటీమీటర్లు కిందకి దించండి. పిల్లలు ఎక్కువ వచ్చే లైబ్రరీ మూల అయితే ఇంకా కిందకి.

సెలూన్‌నే తీసుకోండి. అందరూ వెనక గోడ ఖాళీగా ఉంది కదా అని అక్కడ పెడతారు. కుర్చీలో కూర్చున్న మనిషి చూసేది అద్దంలోకి, కాబట్టి వెనక గోడ మీద ఫోటో కుడిఎడమలు తిరగబడి కనిపిస్తుంది, క్యాప్షన్ అక్షరాలు అసలు చదవలేం, అదీ కాక జుట్టు కత్తిరించే వాళ్లు మధ్యలో అడ్డం నిలబడి ఉంటారు. అందుకే అద్దానికీ అద్దానికీ మధ్య ఉండే సన్నటి జాగాలో నిలువు ఫోటోలు పెట్టండి, కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తుకి. వెనక గోడ మీద క్యాప్షన్ అవసరం లేని పెద్ద ఫోటో ఒక్కటి పెడితే అద్దంలో కూడా బాగుంటుంది. తమ వంతు కోసం వెయిట్ చేసేవాళ్లకి బెంచీ ఎదురుగా నాలుగైదు, క్యాప్షన్లతో. గాలికి ఎగిరే వెంట్రుకలు, స్ప్రే పడతాయి కాబట్టి ఇక్కడ లోపలైనా లామినేషన్ కావాలి, తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

మేకులు కొట్టనివ్వకపోతే గోడ ఈ చివర నుంచి ఆ చివరకి నైలాన్ తాడు లాగి కట్టి, ప్రింట్లకి బైండర్ క్లిప్పులు పెట్టి వేలాడదీయండి, పైన రెండు, ఊగకుండా కింద కూడా రెండు. టేప్ వాడాలంటే ముందు ఎవరికీ కనపడని మూల చిన్న ముక్క అతికించి రెండు రోజులాగి పీకి చూడండి, పెయింట్ ఊడొస్తే ఆ టేప్ మర్చిపోండి. నడిచే దారిలో వీల్‌చెయిర్ పట్టేంత, కనీసం 90 సెంటీమీటర్ల జాగా వదలాలి, ఫైర్ ఎగ్జిట్, స్విచ్ బోర్డ్, నోటీస్ బోర్డ్ మీదకి పొరపాటున కూడా రావద్దు.

7. క్యాప్షన్

చూసేవాళ్లు ఇంట్లో మాట్లాడే భాషలో రాయండి, పెద్దవాళ్లు కళ్లజోడు లేకుండా చదివేలా అక్షరాలు 24 పాయింట్‌కి తగ్గకుండా పెట్టండి. ఎవరు తీశారు, ఎక్కడ, తీసినవాళ్ల మాటల్లోనే రెండు మూడు వాక్యాలు, అంతే. "కాలం మిగిల్చిన జ్ఞాపకాల నీడలు" లాంటివి రాయొద్దు, "ఈ కుట్టుమిషన్ మా అమ్మమ్మది, ఇప్పటికీ పనిచేస్తుంది" అని రాస్తే జనం ఆగి చదువుతారు, పక్కవాళ్లకి తమ అమ్మమ్మ గురించి చెప్తారు. క్యూఆర్ కోడ్ పెట్టి తీసినవాళ్ల వాయిస్ రికార్డింగ్ వినిపించొచ్చు, చదవడం రానివాళ్లకి అది చాలా ఉపయోగం, కానీ కోడ్ మీద మొత్తం ఆధారపడొద్దు.

8. మొదటి రోజు, తర్వాత రోజులు

రిబ్బన్ కటింగ్‌కి పెద్దమనుషుల్ని వెతకొద్దు, ఫోటోలు తీసినవాళ్లని, ఫోటోల్లో ఉన్నవాళ్లని, ఆ షాపు వాళ్లని పిలవండి, మాట్లాడేది కూడా వాళ్లే మాట్లాడాలి. షాపు పని ఆగకుండా, రద్దీ తక్కువ ఉండే టైమ్ వాళ్లనే చెప్పమనండి. ఒక నోట్‌బుక్‌కి పెన్ను దారంతో కట్టి పెట్టండి, జనం రాస్తారు, ఫోటోలో ఉన్న చోటు గురించి మీకు తెలీని సంగతులు కూడా అందులో దొరుకుతాయి.

రోజూ ఒకరు వెళ్లి ఒక రౌండ్ వేయాలి, ఎవరు ఏ రోజో ముందే గ్రూప్‌లో పెట్టేయండి. ఒక మూల ఊడి వేలాడుతున్న ఫోటో అలా నాలుగు రోజులుంటే మిగతావి కూడా ఎవరూ పట్టించుకోరు. ఒకటి రెండు ప్రింట్లు పోతాయి కూడా, వాటికి స్పేర్ ప్రింట్లు ముందే తీసి పెట్టుకుంటే సరి.

9. తీసేయడం

చెప్పిన తేదీకి తీసేయండి, ఒక్క రోజు కూడా దాటొద్దు, ఎంత బాగుందన్నా సరే, ఓనర్ ఉంచమని అడిగితే కొత్త తేదీ రాసుకుని ఉంచండి. తాడు, క్లిప్పులు, టేప్ మరకలు అన్నీ తీసి, రంధ్రాలుంటే పుట్టీ పెట్టి, మొదట్లో తీసుకున్న గోడ ఫోటోతో పోల్చి చూసుకోండి. ప్రింట్లు గోడౌన్‌లో పడేయకుండా ఫోటోలో ఉన్నవాళ్లకే ఇచ్చేయండి, తీసినవాళ్లకి ఇంకో కాపీ. షాపు వాళ్లకి నచ్చినదొకటి వాళ్లనే ఎంచుకోమనండి. నోట్‌బుక్‌లో రాసినవన్నీ ఫోటో తీసి ఫోటోగ్రాఫర్లందరికీ పంపండి, ఎందుకంటే వాళ్లలో చాలామందికి తమ ఫోటో గురించి బయటివాళ్లు రాసింది చదవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. క్లిప్పులు, తాడు, గోడ కొలతలున్న కాగితం మాత్రం ఒక డబ్బాలో పెట్టి ఉంచుకోండి, పక్క వీధి లాండ్రీ వాళ్లు మా దగ్గరెప్పుడు పెడతారని అడిగే లోపు అవి దొరకాలి.